అసలు, వడ్డీ

బల్లమీద పద్దుల పుస్తకమును, గృహఋణపు వాయిదాల పట్టికయు నున్నవి. ఇరువురి జీతములను నమ్ముకొని తీసికొన్న ఋణము నేడొక్క జీతముతో తీరవలసియున్నది. మావారు గతించిన పిమ్మట పిల్లవానికి తల్లియు తండ్రియు నేనే యైతిని.

ఇరువది లక్షల అప్పు, 8.5 శాతము వడ్డీ, 20 సంవత్సరముల గడువు: నెలకు 17,356 రూపాయల వాయిదా. అందులో మొదటి నెల 14,167 రూపాయలు వడ్డీకే పోగా, అసలు తరిగినది 3,189 మాత్రమే. అసలుకు చెందు భాగము వడ్డీని మించుట 12వ యేటగాని జరుగదు. ఈ అంకెలను చూచుచుండగా, దుఃఖమునకు సైత మిట్టి గణితమే యున్నదని తోచినది: తొలినాళ్లలో మన శక్తియంతయు కేవలము నిలిచియుండుటకే వ్యయమగును, భారము తరుగుచునే యున్నను, ఆ తరుగుదల కంటి కానదు.

మా నాయనగారు పద్దులు వ్రాసెడివారు. అమ్మ పోపులడబ్బాలో చిల్లర దాచెడిది. పాలు, బియ్యము, బడిజీతము లెక్కవ్రాయు చేయియు, రేపటికై గుట్టుగా మిగుల్చు చేయియు నిప్పుడు నావే. మారుచుండు వడ్డీరేటు గల గృహఋణములపై ముందస్తు చెల్లింపు జరిమానాను 2012లో రిజర్వుబ్యాంకు తొలగించినందున, ఆ మిగిలిన కొలదిసొమ్మును నేరుగా అసలుకే జమకట్టుచున్నాను.

“అమ్మా, ఈ యిల్లు మనదేనా?” యని పిల్లవాడడుగును. మనదే, నాయనా. పత్రములు బ్యాంకులో నున్నను, తీరని ఋణముక్రింద సైతము బాల్యము నిశ్చింతగా పెరుగగలదని నేను మనసార నమ్ముచున్నాను.