ముంబయి అగ్నిమాపకదళము

ముంబయి నగరమును చూడబోవు మన సోదరీమణులు సముద్రతీరమును, ముంబాదేవి ఆలయమును దర్శించి మరలుచుందురు. బైకుల్లాలోనున్న అగ్నిమాపకదళ ప్రధానకార్యాలయమును తలంచువారు అరుదు. ఆ ప్రాంతము మనకు బొత్తిగా పరాయిది కాదు. దానికి చేరువనున్న కామాఠిపుర, పూర్వము నైజాము సీమనుండి కట్టడపు పనులకై వలసపోయిన తెలుగు కామాఠీల పేరిట వెలసినదే.

1803లో బొంబాయి కోటలోపల గొప్ప అగ్నిప్రమాదము జరిగి పెక్కు ఇండ్లు భస్మమయ్యెను. అయినను దళమనునది ఏర్పడుటకు మఱి యేబదేండ్లు పట్టినది. 1855లో పోలీసు కమీషనరు చేతిక్రింద నది ఆరంభమయ్యెను. ఆ దినములలో నీటియంత్రములను గుఱ్ఱములు లాగెడివి. 1888 నాటి చట్టముచే అగ్నినుండి ప్రజలను కాపాడుట పురపాలకసంఘపు విధియైనది. ఇప్పుడు నగరమున ముప్పదికి పైగా స్టేషనులు గలవు. ఆకాశమునంటు మేడలకొఱకు 80 మీటర్లు దాటి లేచు నిచ్చెనబండ్లును గలవు.

ఈ దళచరిత్రలో మఱువరాని దినము 1944 ఏప్రిలు 14. విక్టోరియా రేవులో 'ఫోర్టు స్టైకిన్' అను ఓడ నిలిచియుండెను. అందు 8,700 ప్రత్తిబేళ్లును, ఇంచుమించు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు, బంగారు కడ్డీలును గలవు. ప్రేలుడు సరకు గల ఓడపై ఎఱ్ఱజెండా నెత్తుట ఆచారము. ఆ ఓడపై జెండా లేదు. మధ్యాహ్నము ప్రత్తిలో నిప్పు రగిలినది. దళమువారు వచ్చి గొట్టములతో నీరు పోయుచునే యుండిరి. సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలెను. 4 గంటల 34 నిమిషములకు మఱల ప్రేలెను. రేవులును, చుట్టుపట్ల వీధులును మండిపోయినవి. బంగారు కడ్డీలు ఎగిరి దూరమున పడినవి. వందలకొలది జనులతోపాటు అరువదియాఱుగురు దళసభ్యులు ప్రాణములు కోల్పోయిరి. వారి స్మారకచిహ్నము బైకుల్లాలో గలదు. ఏటేట ఏప్రిలు 14 మొదలు 20 వఱకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవము జరుపుట వారి స్మరణార్థమే.

వీరి నిత్యజీవనమును తెలిసికొనదగినదే. దళమువారి కుటుంబములు కొన్ని స్టేషనుల నానుకొనియున్న వసతులలోనే కాపురముండును. పిలుపు రాగానే మ్రోగు గంట అక్కడి ఇల్లాలికిని వినబడును. భర్త బండి నెక్కి పోవును; తిరిగివచ్చువఱకు ఆమె మనస్సు మనస్సులో నుండదు. నిప్పొక్కటియే వారి పని గాదు. వానకాలమున కూలిన పాతయిండ్ల క్రిందనుండి మనుష్యులను వెలికిదీయుట, కూలిన చెట్లను తొలగించుట, గాలిపటపు దారమున చిక్కిన పక్షిని విడిపించుట కూడ వారిదే. 2015 మే నెలలో కాల్బాదేవిలో ఒక పాతమేడ మండుచు కూలగా, దళాధిపతితో గూడ నలువురు అధికారులు మృతినొందిరి.

ఈ వృత్తి పురుషులకే అనుట ఇప్పుడు చెల్లదు. 2002లో హర్షిణీ కన్హేకర్ అను యువతి నాగపురమునందలి జాతీయ అగ్నిమాపక కళాశాలలో ప్రవేశించి, అచ్చట చదివిన తొలి స్త్రీ యయ్యెను. ముంబయి దళములోను నేడు స్త్రీలు గలరు.

సోదరీమణులారా! ఎఱ్ఱజెండాలేని ఆ ఓడ మనకొక పాఠము చెప్పుచున్నది. మంటలోనికి పోవువానికి లోపల నేమున్నదో తెలియవలెను. 101కు పిలుపు చేయునపుడు వీధి, గుర్తు, అంతస్తు చెప్పి, గ్యాసు బండలెన్ని యున్నవో, లోపల ముసలివారు, పసివారు ఎవరు చిక్కిరో తప్పక చెప్పుడు. మెట్లపై పాతసామాను పేర్చకుడు. అది వారి దారి, మన దారి కూడ. గ్యాసు వాసన వచ్చినచో దీపపు స్విచ్చి ముట్టక, రెగ్యులేటరు కట్టి కిటికీలు తెఱువుడు. మూకుడులో నూనె అంటుకొన్నచో నీరు పోయక, పొయ్యి ఆర్పి మూత వేయుడు. మన జాగ్రత్తవలన ఒక్క గంట మ్రోగకున్నను, ఆ వసతులలోని ఒక ఇల్లాలు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రించును.