స్వీడన్ దేశమున కాలభాష

జ్యేష్ఠమాసపు దినములలో నేను స్వీడన్ దేశపు పశ్చిమతీరమందలి గోటెన్‌బర్గ్ నగరమును చేరితిని. మన సీమలో పొలమునకు పోయిన రైతు తన నీడను చూచి జాము చెప్పగలడు. అచ్చటనో, జూన్ నెలలో నాలుగు గంటలు దాటగనే ఎండ కాయుచుండును. రాత్రి పది గంటలైనను ప్రొద్దు క్రుంకదు. డిసెంబరు ఆఖరున, అందులకు విపరీతముగా, స్టాక్‌హోమ్ నగరముననే మధ్యాహ్నము మూడు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. ఉత్తరపు కొనయందలి కిరూనా ప్రాంతమున వేసవిలో కొన్ని వారములపాటు అస్తమయమే యుండదు. ఇట్టి దేశమున కాలమునకు సూర్యుడు నమ్మదగిన సాక్షి కాడు. కావున కాలమును నిలుపవలసిన భారము మనుష్యుల మాటపై పడినది. ఆ మాటను వారి నోటనే విని నేర్వవలెనను కోరికతో నేను స్టాక్‌హోమునకు పోవు రైలెక్కితిని.

నా యెదుటి ఆసనమున, జీవితమంతయు పిల్లలకు చదువు చెప్పి విశ్రమించిన యొక వృద్ధోపాధ్యాయిని కూర్చుండియుండెను. నా చేతిలోని చిన్న స్వీడిష్ పాఠపుస్తకమును చూచి, “గడియారపు పాఠమువరకు వచ్చితిరా?” యని ఆంగ్లమున అడిగెను. ఇంకను రాలేదంటిని. అంతట ఆమె పుస్తకమును మూయించి, కాగితముపై ఒక వృత్తమును గీచి, పాఠమారంభించెను. వేళ యెంతయని యడుగుటకు వారు “వా ఎర్ క్లోకన్?” అందురు. క్లోకా యనగా గుడిలో మ్రోగునదియు, గోడపై తిరుగునదియు గూడ. మనకును మ్రోగెడు గంటయు, గడచెడు గంటయు ఒక్క మాటయే యగుటచేత ఆ మొదటి ప్రశ్న నాకు సులభముగనే అలవడెను.

మూడుంపావు వారికి ‘క్వార్ట్ ఓవర్ త్రే’, అనగా మూడింటిపై పావు. పావు తక్కువ నాలుగు ‘క్వార్ట్ ఈ ఫ్యూరా’. ఇదియు మన పలుకుబడికి దూరము కాదు. కాని మూడున్నర దగ్గర త్రోవలు వేఱగును. వారు దానిని ‘హాల్వ్ ఫ్యూరా’, సగము నాలుగు, అందురు. మనము గడచిన మూడింటికి అరను చేర్చి చెప్పుచున్నాము. వారు రాబోవు నాలుగింటివైపు తిరిగి చూచి, అందులో సగము వచ్చినదని చెప్పుచున్నారు. అంతటితో ఆగక, ఆ సగమునే యొక మజిలీగా నిలుపుకొని, దానికి ముందు వెనుకల నిమిషములను లెక్కింతురు. మూడు గంటల ఇరువదియైదు నిమిషములు ‘ఫెమ్ ఈ హాల్వ్ ఫ్యూరా’, సగము నాలుగునకు ఐదు తక్కువ. ముప్పదియైదు నిమిషములు ‘ఫెమ్ ఓవర్ హాల్వ్ ఫ్యూరా’, సగము నాలుగుపై ఐదు. “గడచిన గంటతో మనకిక పని లేదు, రావలసిన గంటకే మనము సిద్ధపడవలయును” అని ఆమె నాకు బోధించెను. ఇంతలో బండిలోని ప్రకటన ఏదో స్టేషనును గూర్చి ‘ఫెమ్‌టోన్ ట్రెట్టియో’, పదునైదు ముప్పది, యని పలికెను. రైళ్లును కార్యాలయములును ఇరువదినాలుగు గంటల లెక్కతో మాటలాడుననియు, ఇంటను స్నేహితుల నడుమను సగముల భాషయే చెల్లుననియు ఆమె వివరించెను.

షోవ్‌డె దాటి, పైరులును దేవదారు వనములును సరస్సులును వెనుకకు జరిగిపోవుచుండగా, పాఠము గంటలనుండి దినములకు సాగెను. మన మొన్నకును ఎల్లుండికిని ఆంగ్లమున ఏకపదము వాడుకలో లేదు గదా. స్వీడిష్ భాషలో ‘ఈ ఫోర్‌గోర్’, ‘ఈ ఓవర్మోరోన్’ అని రెండును నిత్యవ్యవహారమున నున్నవి. గడచిన సోమవారము ‘ఈ మోన్‌డాస్’, రాబోవు సోమవారము ‘పో మోన్‌డాగ్’. ముందుండు చిన్నమాటయు, కొసనుండు ప్రత్యయమును మారినంతనే గతము భవిష్యత్తగును. రేయింబవళ్లను కలిపి ‘డ్యుంగ్న్’ అందురు. అది మన అహోరాత్రమే. పగలు ఆఱు గంటలుగా కుదించుకొనిపోవు శీతకాలమును, రాత్రి మాయమగు వేసవిని చవిచూచిన జాతికి, పగలు రేలతో నిమిత్తము లేక నిండుదినమును చెప్పు పదమెంత యవసరమో నేను వేఱుగ వ్రాయనక్కరలేదు. వారములకు సైతము వారు సంఖ్య లిడి, సెలవులను ఇరువదితొమ్మిదవ వారమనియు ముప్పదవ వారమనియు తేదీలు చెప్పకయే నిర్ణయించుకొందురు.

మేము పయనించుచున్న ఆ మార్గమునకే కాలచరిత్రలో నొక స్థానమున్నది. ఈ రెండు నగరముల నడుమ రైలుమార్గము 1862లో పూర్తియైనది. అప్పుడు ఊరూరికి దాని సూర్యుడే ప్రమాణము. స్టాక్‌హోమ్ మధ్యాహ్నమునకును గోటెన్‌బర్గ్ మధ్యాహ్నమునకును నడుమ సుమారు 24 నిమిషములు, అనగా సరిగా మన ఘడియ, భేదముండెను. రైళ్లు మాత్రము పడమటిదైన గోటెన్‌బర్గ్ కాలమును పాటించెడివి. తూర్పు ఊళ్లవారి గడియారములు దానికంటె ముందుండుటచేత, వారు తమ వేళకు వచ్చినను బండి తప్పిపోయెడిది కాదు. పిదప 1879 జనవరి 1వ తేదీనాడు దేశమంతటికిని ఒకే కాలమేర్పడినది. అందులకై యెంచుకొన్న రేఖ ఆ రెండు నగరములకు నడుమ నుండెను; కావున స్టాక్‌హోమ్ సుమారు పండ్రెండు నిమిషములు వెనుకకు తగ్గెను, గోటెన్‌బర్గ్ అంతే ముందునకు జరిగెను. చెఱి యర ఘడియ సర్దుకొని రెండు నగరము లొక్క మాటపైకి వచ్చుట నాకు మిక్కిలి ఉదాత్తముగ తోచినది. ఆ కాలము గ్రీనిచ్ కంటె ఒక గంట 14 సెకనులు ముందు; 1900లో ఆ 14 సెకనులను కూడ విడిచి వారు ఇరుగుపొరుగు దేశములతో సమమైరి.

ఈ పొత్తు వారికి సులభముగ లభించినది కాదు. 1700లో పంచాంగమును కొంచెము కొంచెముగా సంస్కరింపబూని, ఆ యేటి అధికదినమును విడిచి, పిదప పని సాగింపలేక, పాత లెక్కకును క్రొత్త లెక్కకును చెందక పండ్రెండేండ్లు ఏకాకులై, తుదకు 1712లో ఫిబ్రవరి నెలకు 30 దినము లిచ్చి పాతదానికే మరలిరి. 1753లో మాత్రమే ఫిబ్రవరి 17 మఱునాడు మార్చి 1గా నెంచి క్రొత్త పంచాంగమును గైకొనిరి. కాలమున ఒంటరియగుట యెట్టిదో ఎఱిగిన జనులు వారు.

స్టాక్‌హోమున దిగునపుడు ఆ యుపాధ్యాయిని మఱునాడు తన యింట కాఫీకి రమ్మని పిలిచి, “హాల్వ్ ఫ్యూరా” అని మాత్రము చెప్పెను. మఱునాడు మూడుంబావు దాటిన పిదప ఆ వీధి చేరునప్పటికి, ఆమె బంధువులిరువురు పూలగుత్తితో వాకిటి ముందు నిలిచియుండిరి. వేళకు ముందు తలుపు తట్టినచో ఇంటివారిని తొందరపెట్టినట్లగుననియు, తరువాత తట్టినచో వారిని వేచియుండజేసినట్లగుననియు వారు నాకు చెప్పిరి. మూడున్నరకు తలుపు తట్టితిమి. కాఫీ అప్పుడే పాత్రలోనికి వంపుచుండిరి. ఇది యంత్రములకు దాస్యమని కొందఱందురు గాని, నేనందు ఇతరుల జీవితకాలముపట్ల గౌరవమునే కంటిని.

గౌరవమున్నచోట సడలింపును ఉండును. 1477లో స్థాపింపబడిన ఉప్సాలా విశ్వవిద్యాలయమున పది గంటల ఉపన్యాసమనగా పదుంబావునకు మొదలగు ఉపన్యాసము; ఈ పావుగంట జాప్యమును విద్యాపాదమందురు. పూర్వము గుడిగంట మ్రోగిన పిమ్మట విద్యార్థులు నడచివచ్చుటకై యీ పావుగంట విడిచిరని చెప్పుదురు. ఈ యాలస్యము కూడ అందఱును ఎఱిగి అంగీకరించినదే. ఆ యూరి కోటకొండపై గునిల్లా యను గంట నిత్యము ఉదయ మాఱింటికిని రాత్రి తొమ్మిదింటికిని మ్రోగును. తొమ్మిది గంటల మ్రోత నేను వినునపుడు ఎండ యింకను చెట్లపై నుండెను. ఐనను క్రింది తోటలో ఆడుకొను పిల్లలను తల్లులు ఇంటికి పిలిచిరి, వారును పోయిరి. ఆకాశము చెప్పని రాత్రిని గంట చెప్పెను, జనులు దానిని నమ్మిరి.

పరదేశమునకు పోవువారు సామాన్యముగ ముందు ధరలడుగుటయు త్రోవ యడుగుటయు నేర్తురు. వేళ చెప్పుటను అంతకంటె ముందు నేర్వవలెనని నా దృఢాభిప్రాయము. ధరలు తెలిసినవాడు వస్తువులను కొనగలడు; వేళ చెప్పనేర్చినవాడు మాట యియ్యగలడు, ఇచ్చిన మాట నిలుపుకొనగలడు, అందుచేత ఆ జనులలో నొకడు కాగలడు.