గోపాలపూర్ తీరాన ఒక రాత్రి

బరంపురంలో కాపురమున్న మాబోటి తెలుగువారికి గోపాలపూర్ అంటే పదహారు కిలోమీటర్ల దూరంలోని సముద్రం. ఆదివారం సాయంత్రం వెళ్ళి, వేరుశనగకాయలు తిని, చీకటి పడేలోగా తిరిగొచ్చే చోటు. పోయిన డిసెంబరులో మాత్రం ఒక రాత్రి అక్కడే గడిపాం. సరుగుడు తోట పక్కన రెండు గుడారాలు అద్దెకు తీసుకున్నాం. గుడారాలంటే పిల్లలకు సరదా. మా అమ్మ రావడానికి కారణం వేరు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోనిది. బర్మా వెళ్ళే స్టీమర్లు గోపాలపూర్ దగ్గర ఆగేవి. ఇక్కడ లోతైన రేవు లేదు. ఓడ దూరాన నడిసముద్రంలో నిలిచేది. మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో కెరటాలు దాటించి చేర్చేవారు. ఆ పడవలకు మేకులుండవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. గంజాం, శ్రీకాకుళం పల్లెలనుంచి వేలమంది అలాగే రంగూన్ మిల్లులకూ రేవులకూ వెళ్ళారు. అక్కడ వాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. మన కోరంగి రేవు పేరది.

మా తాతగారు, అంటే అమ్మ తండ్రి, 1941లో వానలు వెళ్ళాక ఇక్కడే పడవెక్కారట. రంగూన్‌లో బియ్యం మిల్లు గుమస్తా. అమ్మ అప్పటికింకా పుట్టలేదు. ఆ డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మార్చిలో నగరమే వాళ్ళ వశమైంది. లక్షలమంది అడవుల వెంట నడిచి ఇండియా చేరారు. ఆయన రాలేదు. కబురూ లేదు, ఫోటో కూడా లేదు. ఇంట్లో మిగిలింది ‘గోపాలపూర్‌లో ఎక్కాడు’ అన్న మాటొక్కటే.

“రేవు ఎక్కడరా?” అంది అమ్మ. ఏం చూపించను? పాత గోదాముల మొండిగోడలు చూపించాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మాటలు విని, “ఇటు కాదమ్మా, ఇంకాస్త అటు” అంటూ లేచి వచ్చాడు. ఇక్కడి జాలరుల ఇంటిభాష తెలుగే. వాళ్ళ తాత పడవ నడిపేవాడట. ఇద్దరూ ఇసుకలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. వయసులో తనకంటే చిన్నవాడైనా అమ్మ ఆయన్ని ‘అన్నా’ అని పిలిచింది. నేను పిల్లలతో లైట్‌హౌస్ వైపు నడిచాను.

రాత్రి ఉత్తరాన కొత్త పోర్టు దీపాలు కనిపించాయి. అమ్మ గుడారం బయటే, దుప్పటి కప్పుకుని కూర్చుంది. మనవరాలు వెళ్ళి ఒళ్ళో పడుకుంది. “ముత్తాత ఎలా ఉండేవాడు?” అనడిగింది. “పొడుగ్గా ఉండేవాడట,” అంది అమ్మ.

వెళ్ళదలచినవారు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్ళండి. గుడారంలో పడుకునేట్టయితే ఉన్ని దుప్పట్లు మరవకండి, తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. సముద్రంలో మాత్రం లోపలికి దిగకండి. నాలుగడుగులు వేసేసరికి లోతు, పైగా లాగే కెరటం.