దాచుకున్న 5 జీబీ

అటక మీంచి దించిన సీపీయూ దుమ్ము దులుపుతుంటే తల్లి వచ్చి పక్కన కూర్చుంది. ‘మీ నాన్న తీసిన ఫొటోలు ఇందులో ఏమైనా మిగిలాయేమో చూడరా. రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నాంగా!’

వరంగల్‌లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆ కొడుక్కి పెద్దగా ఆశ లేదు. 2009లో వైరస్ పట్టిందని మెకానిక్ డిస్క్‌ని ఫార్మాట్ చేసి, మళ్లీ విండోస్ ఎక్కించాడు. మనవరాలి అన్నప్రాసన ఫొటోలు అప్పుడే పోయాయి. ఆ మరుసటి ఏడాదే తాతా పోయాడు.

అయినా తల్లి మాట కాదనలేక డిస్క్ బయటికి తీశాడు. లేబుల్ మీద 80 జీబీ అని ఉంది. విండోస్ మాత్రం 69.9 అంటోంది. కొంత తేడా మామూలే. తయారీదారు వెయ్యితో లెక్కకడితే విండోస్ 1024తో లెక్కకడుతుంది. అలా చూసినా 74.5 ఉండాలి. మరి మిగతాది ఏమైనట్టు?

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, నల్లటి తెర మీద ‘హెచ్‌డీపార్మ్ -ఎన్’ అని కొట్టాడు. మార్క్ లార్డ్ రాసిన చిన్న పనిముట్టు అది. రెండు అంకెలు వచ్చాయి: 146535488, 156301488. మొదటిది డిస్క్ పైకి చెప్పుకుంటున్న సెక్టార్ల సంఖ్య. రెండోది అసలు సంఖ్య. సెక్టారుకు 512 బైట్లు... అంటే లేబుల్ లెక్కలో 5 జీబీ దాగి ఉంది!

దీన్నే హోస్ట్ ప్రొటెక్టెడ్ ఏరియా అంటారు. 1998 నాటి ఏటీఏ-4 ప్రమాణంతో వచ్చింది. కొన్ని కంపెనీలు విండోస్ కాపీని అక్కడ దాచేవి. మామూలు ఫార్మాట్ దాని జోలికి పోదు. పాత డిస్క్ అమ్మేవాళ్లు అన్నీ చెరిపేశామనుకున్నా, అక్కడున్నది అక్కడే ఉండిపోతుంది.

అదే కమాండ్‌కి రెండో అంకె ఇస్తే తలుపు తెరుచుకుంటుంది. అంకె ముందు ‘పి’ అక్షరం చేరిస్తే మార్పు శాశ్వతం. చేర్చకపోతే కరెంటు తీసేదాకానే. అతను చేర్చలేదు. తర్వాత ‘డీడీ’ కమాండ్‌తో మొత్తం డిస్క్‌ని ఇంకోదానిలోకి కాపీ చేశాడు. ఎక్కణ్నుంచి, ఎక్కడికి అన్నది తారుమారైతే ఉన్నదీ పోతుంది. అందుకే ఎంటర్ నొక్కేముందు మూడుసార్లు చదువుకున్నాడు.

తీరా చూస్తే ఆ 5 జీబీలో ఉన్నది కంపెనీవాళ్ల విండోస్ కాపీయే. తల్లి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

అతను మాత్రం లేవలేదు. పైపైన చేసే ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టే. పేజీల మీద కొత్త రాత పడనంతవరకు పాత అక్షరాలు పోవు. ఈసారి కాపీ మీద ‘ఫొటోరెక్’ నడిపాడు. అది ఫైలు పేర్లు చూడదు, ఫొటో మొదలయ్యే గుర్తుల్ని పట్టుకుంటుంది. తెల్లవారేసరికి పేర్లు పోయిన బొమ్మలు కొన్ని వచ్చాయి. ఒకదాంట్లో తాత ఒళ్లో మనవరాలు. కింది సగం అంతా బూడిదరంగే. మెకానిక్ ఎక్కించిన విండోస్ మింగేసినట్టుంది.

‘మొహాలు వచ్చాయిగా... చాలురా’ అంది తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

పొద్దున పాత సామాన్లవాడికి సీపీయూ డబ్బా ఒక్కటే ఇచ్చారు. డిస్క్ బీరువాలోకి వెళ్లింది.