నాన్న స్లాబు

కంకిపాడులో నాన్న కట్టించిన ఇల్లు. మేడమీద బాత్‌రూమ్ పైపు కోసం స్లాబుకి కన్నం పెట్టాలి. సమ్మెట దెబ్బలకి పగుళ్లొస్తాయని అమ్మ భయం. కోర్ కటింగ్ చేయిద్దామన్నాను.

వచ్చిన కుర్రాడు మొదట దూలం ఎక్కడుందో చూశాడు. 'దాని జోలికి వెళ్లకూడదండీ' అంటూ దూరంగా గుర్తు పెట్టాడు. మిషన్ బిగించి నీళ్లు వదిలాడు. అంచున వజ్రపు పలుకులున్న గొట్టం తిరుగుతూ దిగింది. బూడిదరంగు నీళ్లు కారాయే తప్ప ఇల్లు అదరలేదు.

రోకలిముక్కలాంటి కాంక్రీటు చేతికిచ్చాడు. కంకర, ఇసుక... ఎక్కడా గుల్ల లేదు. 'గట్టి స్లాబండీ. బాగా తడిపినట్టున్నారు' అన్నాడు.

అప్పట్లో స్లాబు మీద వరిమడుల్లా గట్లు కట్టి, మూడు వారాలు తెల్లవారుజామునే లేచి నీళ్లు పెట్టేవారు నాన్న. నిద్ర చెడిందని మేం విసుక్కునేవాళ్లం.

అమ్మ ఆ ముక్కని కడిగి, తుడిచి నాన్న ఫొటో పక్కన పెట్టింది.