గ్రంథాలయపు ఖాతాలు

మన పాఠశాల గ్రంథాలయమునకు ఒక వెబ్‌సైటు కలదు. విద్యార్థులు తమ తమ ఖాతాలలోనికి పోయి కావలసిన పుస్తకములను కోరుకొందురు. ఆ ఖాతాలను తెరచుట, సరిచూచుట, మూయుట నా పని. ఖాతా యనగానే అంగడివాని పద్దుపుస్తకము తలపునకు వచ్చును గాని, ఇందు రూపాయల లెక్క యుండదు; ఎవరే పుస్తకమును కొనిపోయిరి, ఎప్పుడు తిరిగి యిచ్చిరి యన్నదే యుండును. అది చిన్న సంగతి యని నేననను. ఒకడు చదువు పుస్తకములను చూచిన, వాని మనస్సులోనికి కొంత తొంగిచూచినట్లే.

తలిదండ్రులు కొందరు నాయొద్దకు వచ్చి, "మావాని పాస్‌వర్డు చెప్పుడు" అని యడుగుచుందురు. నాకు తెలియదన్నచో నమ్మరు. కొందరు కోపగింతురు కూడ. నిజముగనే తెలియదు. దీనికొక కథ కలదు. 1961లో అమెరికాయందు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కోర్బటోగారును వారి సహచరులును, ఒకే కంప్యూటరును పలువురు ఒక్కసారిగా వాడుకొను నేర్పాటును ప్రదర్శించిరి. ఎవరి వ్రాతలు వారికే దక్కవలెనని ఆ యేర్పాటున ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము నిచ్చిరి. ఆ పదము లన్నియు ఒక పట్టికలో ఉన్నవి యున్నట్లే యుండెను. ఒకనాడు ఆ పట్టికయు, ఆనాటి ప్రకటనయు తారుమారై, లోనికి వచ్చిన ప్రతివానికిని అందరి రహస్యపదములును కనబడినవట!

ఆ దశకముననే కేంబ్రిడ్జియందు రోజర్ నీధాంగారు మొదలగువారు చూపిన మార్గము నేటికిని నడచుచున్నది. పదమును గణితరీత్యా పిండిచేసి, ఆ పిండిని మాత్రమే దాచుదురు. పిండినుండి మరల గింజను చేయలేము గదా! సభ్యుడు మరల వచ్చి పదమును వ్రాసినపుడు, దానిని కూడ అట్లే పిండిచేసి రెంటిని పోల్చుదురు. 1979లో మోరిస్, థాంప్సన్ అనువారు ప్రతివాని గింజలలోను వేరువేరుగా చిటికెడు ఉప్పు కలుపు పద్ధతిని ప్రకటించిరి. (దాని పేరును ఉప్పే.) అపుడు ఇరువురు ఒకే పదము నెంచుకొన్నను పిండి యొకటిగా నుండదు. కావున మరచినవానికి క్రొత్తపదము చేసికొను దారి చూపగలనే గాని, పాతది చెప్పజాలను.

పని తీరిన సమాచారమును తుడిచివేయవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టమున కలదు. పదవతరగతి ముగించి పోవువారి ఖాతాలను ప్రతి వేసవియందును తుడిచివేయుదును. అందు నాకు కష్టమేమియు తోచదు.

గతవర్షమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు జ్వరముతో గతించెను. వాని ఖాతాలో, చదువదలచిన పుస్తకముల పట్టిక యొకటి యుండెను, 11 పేర్లు. మూడు మాసములు దానిని ముట్టనైతిని. తరువాత వాని తల్లి సర్టిఫికెట్ల కొరకై వచ్చినపుడు, ఆ పట్టిక వాని సొంతము గదా యని కొంత సంశయించియు, తెల్లకాగితముపై వ్రాసి యామె కిచ్చితిని. ఆమె చాలసేపు చూచి, "మాస్టరుగారూ, ఇందులో మొదటిది ఇప్పుడున్నదా?" అని యడిగెను. అది పక్షులను గూర్చిన పుస్తకము, బీరువాలోనే యుండెను. తలిదండ్రులకు ఖాతాలిచ్చు నాచారము మాకు లేదు. ప్రధానోపాధ్యాయులవారి యనుమతి గైకొని, వాని ఖాతాను తుడిచివేసి, ఆమె పేర ఒకటి తెరచితిని. ఆమె ఇప్పుడు నాల్గవ పుస్తకము చదువుచున్నది.