పిడికిటిలోని మనస్సు

ఎదుటివారి మనస్సెఱిగి మసలుకొనవలెనను మాట వినని ఆడుది మనలో నుండదు. పుట్టినింట తల్లి చెప్పును. మెట్టినింట అత్తగారు చెప్పుదురు. ఎఱుగుట యెట్లో మాత్రము ఎవ్వరును చెప్పరు. ఈ విషయమును గూర్చి నేనీమధ్య ఒక పేకముక్కల యాట మూలమున కొంత యాలోచించితిని. ఆటలో నాలోచన యేమని నవ్వవలదు. వామనగుంటలలో గింజలు లెక్కించి యెత్తు వేయు మన అమ్మమ్మల తెలివి మీరెఱుగనిది కాదు గదా!

గత సంవత్సరము నేను ఆఱు నెలలపాటు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున మా అబ్బాయి యింట నుంటిని. అబ్బాయి యుదయమే ఉద్యోగమునకు పోవును. కోడలు ఇంటనుండియే తన యాఫీసు పని చేసికొనును. మే మిద్దరము ఒకరినొకరు నొప్పింపరాదని మిక్కిలి జాగ్రత్తతో మెలగితిమి. ఆ జాగ్రత్త వలననే మాటలు తక్కువయ్యెను. ఆమె మూడుసార్లు కాఫీ తెచ్చి యిచ్చును. నేను మూడుసార్లును త్రాగుదును. కావలెనో వద్దో ఆమె యడుగదు, నేను చెప్పను. చలికాలము వచ్చి వాకిట మంచు పేరుకొన్న తరువాత పగళ్ళు మఱింత దీర్ఘములుగా తోచెను. ఒక శనివారమునాడు కోడలు అలమరలోనుండి యొక పెట్టె దించి, "అత్తయ్యగారూ, ఒక ఆట నేర్పుతాను, ఆడతారా?" అని యడిగెను.

ఆ యాట పేరు ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్. గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గారు దీని మొదటి రూపమును కల్పింపగా అది 1996లో వెలువడెను. 2012లో ఆ మిన్నెసోటా రాష్ట్రమందలి ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వారు దీనిని క్రొత్త రూపున అచ్చు వేసి, 2018లో నిలిపివేసిరి. అంతట నభిమానులే యొక సంఘముగా గూడి యాటను బ్రదికించుకొనిరి. ఆ సంఘమే 2022 నుండి నల్ సిగ్నల్ గేమ్స్ అను పేర నడచుచున్నది.

కథ భవిష్యత్కాలమునాటిది. ఆడువారిద్దరే, కాని యిద్దరి బలములు సమానములు కావు. ఒకరు పెద్ద వ్యాపారసంస్థ. వారు తమ రహస్యపు పన్నాగములను ముక్కలు బోర్లించి దాచుకొని, వాని ముందు ఐస్ అను కాపుదలలు నిలుపుకొందురు. రెండవవారు రన్నరు, అనగా చొరబాటుదారు. కంప్యూటరు దారులవెంట లోపలికి జొరబడి ఆ రహస్యములను దొంగిలించుట వారి పని. ఏడు పాయింట్లు ముందుగా సంపాదించినవారిది గెలుపు. వంతు వచ్చినప్పుడు సంస్థకు మూడు పనులు, రన్నరుకు నాలుగు పనులు చేయు నవకాశముండును. పెక్కు పనులకు సొమ్ము కావలెను. ఆ సొమ్మునకు క్రెడిట్లని పేరు. ఇద్దరును అయిదేసి క్రెడిట్లతో సంసార మారంభింతురు.

ఆ సంస్థలలో జింటెకి యనునది మనుష్యులనే తయారుచేయును. ఒకే యచ్చున పోతపోసిన క్లోనులను పనివాండ్రుగా నమ్ముకొనును. ఆ క్లోనులలో కాప్రిస్ నిసెయి యను యువతి యున్నది. ఆమెకు పరుల మనస్సులు తెలియును. 2008లో వచ్చిన ఆండ్రాయిడ్ అను బల్లయాటలో ఆమె యపరాధ పరిశోధకురాలు. ఈ ముక్కలయాటలో 2014లో కాపలాదారుగా ప్రవేశించెను. రన్నరు కాపుదలల నన్నిటిని దాటి గుమ్మము చేరగానే కాప్రిస్ ఎదురగును. అప్పు డిద్దరును సున్నగాని, ఒకటిగాని, రెండుగాని క్రెడిట్లను రహస్యముగా పిడికిట పట్టి, ఒక్కసారిగా విప్పవలెను. విప్పిన సొమ్ము ఇద్దరికిని పోవును. సంఖ్యలు సమానమైనచో రన్నరు లోపలికి పోవచ్చును, వేఱైనచో వెనుదిరుగవలెను.

ఇది వినగానే నాకు మా పెరటి యరుగు జ్ఞప్తికి వచ్చెను. చింతగింజలు గుప్పిట బిగించి "సరా, బేసా?" యని యడుగు ఆటకు ఇది చెల్లెలే! మనోదృష్టి యని గొప్ప పేరు పెట్టిన శక్తి తీరా చూడగా పిల్లల సరిబేసి యాయెను. కాని చూచుకొలదిని అందు లోతు గనబడినది.

ఇద్దరును ఏ పక్షపాతము లేక సంఖ్యలు పట్టినచో తొమ్మిది విధములలో మూడు మాత్రమే సమానములగును. కాబట్టి మూడింట రెండు పాళ్ళు కాప్రిస్‌దే గెలుపు. ఇంతటితో సంస్థ నిశ్చింతగా నిద్రపోరాదు. రన్నరు తన నాలుగు పనులతోను నాలుగుసార్లు గుమ్మమెక్కినచో, నాలుగుసార్లును ఓడిపోవుట 81 పాళ్ళలో 16 మాత్రమే. తక్కిన 65 పాళ్ళు ఒకసారియైనను లోపలికి పోవును. అందుచేత ఆమె నొక్కదానినే గుమ్మమున నిలుపుట తెలివి కాదు. ముందు మంచి కాపుదలలుంచి, వచ్చిన ప్రతిసారియు రన్నరుకు ఖర్చు తగులునట్లు చేయవలెను. నిసెయి మార్క్ టూ అను పన్నాగమును ముందే నెఱవేర్చుకొన్నచో, కాప్రిస్ ఓడిననాడు రాకను నిలుపుటకు మఱియొక యడ్డు చేతనుండును.

ఖర్చు మాటలోనే అసలు కీలకమున్నది. రన్నరు సొమ్మంతయు నైపోయి వచ్చెనా, అతని పిడికిట సున్న తప్ప మఱేమియు నుండదు. సంస్థ ఒకటి పట్టిన చాలును. అతనికి ఒక్క క్రెడిటే మిగిలెనా, సంస్థ రెండు పట్టును. ఇక సందేహమే లేదు. తాఱుమాఱుగా, సంస్థ బొక్కసమే ఖాళీయైనచో కాప్రిస్ దివ్యదృష్టి యంతయు వట్టిది. రన్నరు సున్న చూపి నడచిపోవును. పరుల మనస్సు చదువుటకు గూడ చేత నాలుగు కాసులుండవలెనని ఇందువలన తెలియుచున్నది.

ఇద్దరియొద్దను సొమ్మున్నప్పుడు మాత్రమే నిజమైన మనస్సుల పోరు. సొమ్ము మిగుల్చుకొనవలెనని రన్నరు సహజముగా సున్నవైపు మొగ్గును. అది యెఱిగి సంస్థ తప్పించుకొనుటకు రెండువైపు మొగ్గవలెను. ఖర్చైన ప్రతి క్రెడిటును ఎదుటివారికి లాభమే యనుకొని, లోపలికి పోవుట తొమ్మిది క్రెడిట్ల విలువ చేయుననుకొందము. అప్పుడు తొమ్మిదింట సంస్థ రెండుసార్లు సున్న, మూడుసార్లు ఒకటి, నాలుగుసార్లు రెండు పట్టుట మేలు. రన్నరునకు నాలుగుసార్లు సున్న, మూడుసార్లు ఒకటి, రెండుసార్లు రెండు. ఇట్లు లెక్కవేసినచో సంఖ్యలు కలియుట 81 పాళ్ళలో 25. పక్షపాతము లేని యాటలో నది 27. రన్నరు లోపలికి పోవుట కించుక తక్కువగును.

అయితే ఏ వరుసలో పట్టవలెను? వరుస యొకటి యేర్పడెనా, కోడలు పసికట్టును. ఆమె నా ముఖమువంక జూచి నవ్వుచు, "ఈసారి రెండే కదా, అత్తయ్యగారూ?" అనును. నేను వంటింటిలో చింతపండులోని గింజలు తొమ్మిది యేఱి, కడిగి, రెంటిని గీతలేక విడిచి, మూటికి ఒక్కొక్క గీతయు, నాల్గింటికి రెండేసి గీతలును గీసి చిన్నసంచిలో వేసికొంటిని. ప్రతిసారియు చూడక యొక గింజ తీసి, చాటున దాని గీతలనుబట్టి పట్టి, గింజను మరల సంచిలో వేయుదును. తీయువఱకు నాకే తెలియని దానిని నా ముఖమున నెవ్వరు చదువగలరు? ఆ సాయంకాలము మా కోడలు పడిపడి నవ్వినది. ఆ యింట నేను విన్న మొదటి పెద్దనవ్వు అదియే.

ఆటలనేకము లాడినమీదట నాకు కాప్రిస్‌పై జాలి కలిగెను. అందఱి మనస్సులు నామె చదువును. సంస్థ యామెను గుమ్మమున నిలిపి పని చేయించుకొనును. ఆమె మనస్సున నేమున్నదో ఎవ్వరడిగిరి? ఆ ముక్కపై అట్టి ప్రశ్నకు చోటే లేదు. మనయిండ్లలో ఎందఱు కోడండ్రు ఇట్లు గుమ్మమున నిలువబడి యుండిరి! మామగారి దగ్గును బట్టి మందు, అత్తగారి యడుగుల చప్పుడును బట్టి మంచినీళ్ళు, భర్త కనుబొమలను బట్టి మౌనము. ఇట్లెఱుగుట మంచి గుణమే కావచ్చును. కాని పరుల మనస్సెఱుగుటయే పనిగా పెంచబడినదానికి తన మనస్సు చెప్పుకొను భాష యెవరు నేర్పుదురు?

మఱియొక సంగతియు తోచెను. ఆ యాటలో ఒకరికి సమానము కావలెను, మఱియొకరికి భేదము కావలెను. అందుచేత నచట నోరువిప్పి ప్రయోజనము లేదు. "నేను రెండు పట్టితిని" అన్నను ఎదుటివారు నమ్మరు, నమ్మరాదు. సంసార మట్టిది కాదు. ఇచట ఒకరి లాభము రెండవవారి నష్టము కానక్కఱలేదు. కాబట్టి యిచట మాటకు విలువ యున్నది.

మా నడుమ ఎవ్వరును ఎత్తని ప్రశ్న యొకటి యుండెను. మావారు పోయి మూడేండ్లైనది. నేను రాజమహేంద్రవరమున ఒంటరిగా నున్నాను. ఇక నచటికి తిరిగి పోవుటయా, అబ్బాయి యింటనే యుండిపోవుటయా? ఒకనాడు ముక్కలు పెట్టెలో సర్దుచు నేను, "అమ్మా, నేనిక్కడే ఉండిపోవాలని నీకుందా? నా ముఖం చూడకుండా చెప్పు" అని యడిగితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఉండాలనే ఉంది అత్తయ్యగారూ. కానీ రోజంతా మీకేం కావాలో ఊహిస్తూ ఉండటం నావల్ల కావడం లేదు" అనెను. నేనును నా మాట చెప్పితిని. గోదావరి గాలి లేని యింట నేను చిరకాల ముండలేను. కాని వారిని విడిచి యుండుటయు కష్టమే.

పిడికిళ్ళు విప్పితిమి, సంఖ్యలు వేఱు వేఱుగా నుండెను. అయినను ఎవ్వరును వెనుదిరిగి పోలేదు. చలికాలము నా యింట, వేసవి వారియింట గడపుటకు నిశ్చయించుకొంటిమి. కాఫీ రెండుసార్లు చాలునని గూడ నానాడే చెప్పితిని.

సోదరీమణులారా, మీ కోడండ్రకు, కూఁతుండ్రకు ఇతరుల మనస్సెఱుగుట నేర్పుడు; వలదనను. దానితోపాటు తమ మనస్సు చెప్పుటయు నేర్పుడు. చెప్పినప్పుడు కోపగింపక వినుడు. ఆటలో గుప్పిట మూయుటయే నేర్పు. ఇంట గుప్పిట విప్పుటకు అంతకంటె నెక్కువ ధైర్యము కావలెను. ఆ ధైర్యము ముందుగా పెద్దవారమైన మనమే చూపవలెను.